బతిమాలే మనిషి లేని మిల్లు

ఆ కుర్చీ సంగతి ఇప్పుడెందుకని మా ఇంట్లోవాళ్ళే అంటారు. మిల్లు మూతబడి ఎన్నో ఏళ్ళయింది, కుర్చీ ఎవరి పొయ్యిలోకి పోయిందో తెలియదు, ఇంకా ఏమిటీ నస అని. అనేవాళ్ళు అంటారు. ఆ కుర్చీలో వాళ్ళు కూర్చోలేదు, దాన్ని వాళ్ళ కిందనుంచి ఎవరూ లాగలేదు.

ప్రత్తిపాడు దాటి కొంతదూరం పోయాక రోడ్డువారన ఉండేది మా జిన్నింగ్ మిల్లు. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ తీసి, దూదిని బేళ్ళు కట్టి పంపడం అక్కడి పని. నేను కాటా గుమాస్తాని. బండి మీద వచ్చిన పత్తి గోతాలని, మేం బోరేలంటాం, తూచాలి. బోరెంలోకి చెయ్యి దూర్చి చెమ్మ ఎంతుందో చూడాలి. చీటీ రాసివ్వాలి. మిషన్ స్కూల్లో పదో తరగతి దాకా చదివి, మా పేటనుంచి పెన్ను జేబులో పెట్టుకుని మిల్లులోకి పోయిన మొదటివాణ్ణి నేనే.

మొదట్లో నేనూ నిలబడే తూచేవాణ్ణి. ఒకరోజు పెద్దాయన చూసి, "ముల్లు కంటికెదురుగా ఉండాలిరా, వంగి చూస్తే తప్పు చూస్తావు, కూర్చో" అన్నాడు. పెద్దాయనంటే మిల్లు యజమాని. గుమాస్తా గదిలోంచి ఓ బల్ల తెచ్చుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర ఒక రైతు, "మనం నిలబడితే పేటోడు కూర్చుని తూస్తాడంట, చూశారా?" అన్నాడు. ఆ మాట ఎవరో పెద్దాయనకి మోశారు. మర్నాడు ఆయన తన ఇంట్లోంచి చేతుల కుర్చీ, పేము అల్లినది, బండి మీద వేయించుకొచ్చి కాటా పక్కన దింపించాడు. బండ్లవాళ్ళందరూ వినేలా, "కాటా గుమాస్తా ఇందులో కూర్చుంటాడు. కళ్ళు మంటలెత్తినోళ్ళు ఇంకో మిల్లుకి తోలుకోండి" అన్నాడు. ఎవరూ తోలుకోలేదు.

అప్పట్లో మిల్లంటే పెద్దాయనే. పనిలో పెట్టుకున్నా, తీసేసినా, సెలవిచ్చినా, బూతులు తిట్టినా అన్నీ ఆయన నోటనే. ఆయనకి కోపం వస్తే ఎదురుగా ఎవడుంటే వాడి ఉద్యోగం ఊడేది. "పోరా, రేపట్నించి నా గుమ్మం తొక్కబాక!" అనేవాడు. ఆ మనిషి తలగుడ్డ దులుపుకుని ఇంటికి పోయేవాడు. పోయి కూర్చునేవాడు. సాయంత్రానికో, మర్నాడు పొద్దునకో బేళ్ళు బిగించే ప్రెస్సు దగ్గర పనిచేసే మేస్త్రి సైకిలేసుకుని వచ్చేవాడు. "పెద్దాయన రమ్మంటున్నాడు" అనేవాడు. అలిగినవాడు ఒకసారి రానని చెప్పాలి. మేస్త్రి అక్కడే కాఫీ తాగి, మళ్ళీ అడగాలి. అప్పుడు లేవాలి. మిల్లుకి పోతే పెద్దాయన పాతసంగతి ఎత్తడు. "తిన్నావా?" అంటాడు. అంతే. పనిలోకి పోవడమే.

ఇది తమాషా అనుకుంటారేమో. తమాషా కాదు, అది మా కట్టుబాటు. పిలవకుండా తనంతట తను వెనక్కొచ్చినవాణ్ణి పెద్దాయనే చులకన చేసేవాడు. ఒకసారి గింజ తీసే జిన్ను మిషను నడిపే డ్రైవరొకడు అట్లా వస్తే, "రోషం లేనోడికి మిషనప్పగిస్తే దాన్నీ అట్టాగే చూసుకుంటాడు" అని వాణ్ణి ఊడ్పు పనికి మార్చాడు. అందుకని పిలుపు వచ్చేదాకా గడప దాటకపోవడమే మంచి పనివాడి లక్షణం. నేను ఆ లక్షణంలో ఎవరికీ తీసిపోలేదు. ఒకసారి మేస్త్రి రెండుసార్లు వచ్చినా కదలకపోతే, ఆదివారం పెద్దాయనే వచ్చాడు. మా చర్చి బయట, ఎండలో, తువ్వాలు నెత్తిన వేసుకుని ఆఖరి కీర్తన అయ్యేదాకా నిలబడ్డాడు. పేటంతా చూసింది. నాకు అవమానాలే గుర్తుంటాయని అంటారు గానీ, అదీ గుర్తుంది.

తర్వాత చేలన్నీ పత్తే అయ్యాయి. మిరప వేసేవాళ్ళు కూడా సగానికి సగం పత్తిలోకి దిగారు. పెద్దాయనా, ఇంకో ఇద్దరు మిల్లుల వాళ్ళూ కలిసిపోయారు. మూడు మిల్లులూ, ఒక నూనె మిల్లూ కలిపి ఒకే కంపెనీ అన్నారు. ఆఫీసు తాడేపల్లిలో పెట్టారు. పెద్దాయన అక్కడికి పోయి డైరెక్టరయ్యాడు. మా మిల్లు చుట్టూ గోడ లేచింది, గేటు వచ్చింది, సైరన్ వచ్చింది. ఒక్కొక్కరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇచ్చారు. పొద్దున గేటు దగ్గర మేకునుంచి బిళ్ళ తీసుకోవాలి, సాయంత్రం మళ్ళీ అదే మేకుకి తగిలించాలి. ఫ్యాక్టరీ మేనేజరు, ఒక్కో సెక్షనుకో ఆఫీసరు, అందరి మీదా మనుషుల సంగతి చూడ్డానికని పర్సనల్ ఆఫీసరు వచ్చారు.

ఈ పర్సనల్ ఆఫీసరు మా అబ్బాయి కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. నన్ను "గుమాస్తాగారూ" అన్నాడు. ఆ మిల్లులో నన్ను ఎవరైనా గారు అనడం అదే మొదలు. పెద్దాయన 'ఒరేయ్' అన్నప్పుడు ఆ మనిషి కోపం ఎంతో, ఎప్పటికి తగ్గుతుందో గొంతులోనే తెలిసేది. ఈ గారు వెనక ఏముందో తెలిసే దారి లేదు.

భయం అట్లా మొదలైంది. బేళ్ళు మోసే ఒకతన్ని ఉన్నట్టుండి ఇంకో మిల్లుకి పొమ్మన్నారు. ఏం తప్పు చేశానని అతను సెక్షన్ ఆఫీసరుని అడిగాడు. "నాకు తెలియదయ్యా, పర్సనల్ నుంచి వచ్చింది" అన్నాడాయన. పర్సనల్ ఆఫీసరుని అడిగితే, "మీ సెక్షన్ నుంచే వచ్చిందండీ" అన్నాడు. ఇద్దరూ అబద్ధం ఆడేవాళ్ళు కాదు. అతను గేటు దగ్గర నిలబడి, ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలియక, మా అందరి మొహాలూ చూశాడు. మేం తలలు తిప్పుకున్నాం. ఆ సాయంత్రం మేస్త్రి నాతో, "మనల్ని పొమ్మనేది ఎవుడో తెలవకపోతే ఎట్టారా?" అన్నాడు. ఎప్పుడూ నవ్వించే మనిషి, ఆ మాటకి తనూ నవ్వలేదు.

పత్తి ముమ్మరంగా దిగే రోజుల్లో ఒక పొద్దున పోయేసరికి కాటా పక్కన నా కుర్చీ లేదు. పర్సనల్ ఆఫీసు గదిలో ఉంది, వచ్చిపోయేవాళ్ళ కోసమట. వీపు మీద తెల్లరంగుతో నంబరు వేశారు. నేను నిలబడే రెండు బండ్లు తూచాను. అప్పుడు మా సెక్షన్ ఆఫీసరు వచ్చాడు.

"సార్, నా కుర్చీ తీశారు."

"మీ కుర్చీయా? కంపెనీ కుర్చీ. గుమాస్తాలకి స్టూలుంటుంది. శాంక్షనవ్వాలి."

"అప్పటిదాకా?"

"నిలబడండి. అందరూ నిలబడటం లేదా?"

"అది పెద్దాయన వేసిన కుర్చీ సార్."

బండ్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే ఆ రైతే, ఆనాడు టీ కొట్టు దగ్గర మాట్లాడినవాడు. ఆఫీసరుకి ఆ నవ్వు ఊపిచ్చిందో, ఎండే ఎక్కువైందో, "అంతగా కుర్చీయే కావాలంటే ఇంటికెళ్ళి కూర్చోండి" అన్నాడు.

పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాను. చీటీల కట్ట కాటా మీద పెట్టాను. గేటు దగ్గర ఆఫీసరే పొమ్మన్నాడని చెప్పి, బిళ్ళ మేకుకి తగిలించి, ఇంటికి పోయి కూర్చున్నాను.

మా ఆవిడ మిషన్ స్కూల్లో టీచరు. మధ్యాహ్నం వచ్చి నన్ను చూసింది.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. అలిగాను."

"ఎవరి మీద?"

అదివరకైతే ఆ ప్రశ్నే ఉండేది కాదు, అలిగేది పెద్దాయన మీదే కదా. "మిల్లు మీద" అన్నాను.

"మిల్లుకి తెలుసా?" అంది.

ఆ సాయంత్రం కాఫీపొడి ఉందో లేదో చూడమన్నాను. వీధిలో సైకిల్ బెల్లు మోగితే చొక్కా వేసుకున్నాను. పాలవాడు. మర్నాడు సైరన్ మోగింది. మా పేటకి బాగా వినపడేది. మామూలుగా ఆ మోతకి కాళ్ళు వాటంతటవే కదిలేవి. మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. బెల్లు మోగిన ప్రతిసారీ గుమ్మంలోకి పోయి చూసేవాణ్ణి, మోగకపోతే ఇంకా ఎక్కువసార్లు. ఆ తర్వాత రోజు కూడా ఎవరూ రాలేదు. మూడోరోజుకి అన్నం సయించలేదు.

చివరికి ఆ మర్నాడు సాయంత్రం చీకటి పడకముందే మేస్త్రి వచ్చాడు. గుమ్మంలోనే అడిగాను.

"ఎవరు పంపారు?"

"ఎవురూ పంపలా. నేనే వచ్చా."

"అయితే రాను."

"ఒరేయ్, నిన్న మజ్జాన్నమే వద్దామనుకున్నా. పనేళ గేటు దాటాలంటే పాసు తీసుకోవాలంట. పాసు మీద కారణం చెప్పాలంట. ఏమని చెప్పను? అలిగినోణ్ణి బతిమాలటానికి పోతన్నానని చెప్పనా?"

"చెప్పాల్సింది."

"చెప్పా! గేటు దగ్గరోడు కంపెనీ పనా, సొంత పనా అనడిగాడు. నాకే తెలవలా."

మా ఆవిడ కాఫీ తెచ్చింది. మేస్త్రి తాగి, అలవాటు కొద్దీ రెండోసారి అడగబోయి ఆగిపోయాడు. అడగటానికి ఎవరి పేరూ లేదు కదా. గ్లాసు కింద పెట్టి, "నీ బిళ్ళ మేకుకి అట్టాగే వేలాడతా ఉందిరా. పొద్దున అందరం మా మా బిళ్ళలు తీసుకున్నాక నీదొక్కటే మిగులుద్ది. చూడ్డానికి బాలేదు" అన్నాడు. అయినా రానన్నాను. పిలవకుండా పోతే ఇన్నేళ్ళుగా నిలబెట్టుకున్నదేమవుతుంది? జిన్ను డ్రైవరుకి పట్టిన గతి నేను మర్చిపోలేదు.

ఆదివారం చర్చిలో తలుపు దగ్గరే కూర్చున్నాను. ప్రార్థన జరుగుతున్నంతసేపూ నా కళ్ళు బయటే ఉన్నాయి. పెద్దాయన తువ్వాలు వేసుకుని నిలబడ్డ చోట ఒక మేక పడుకుని నెమరేస్తోంది.

ఆ మర్నాడు మేస్త్రి మళ్ళీ వచ్చాడు, ఈసారి లోపలికి కూడా రాలేదు. "బోర్డు మీద నీ పేరేశారు. నీ అంతట నువ్వే పని మానేశావంట. శనివారంలోగా వచ్చి సంజాయిషీ ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారంట" అన్నాడు. సైకిల్ తిప్పుకుంటూ, "కాటా దగ్గర కొత్తోణ్ణి పెట్టారు. వాడికి స్టూలు వచ్చింది" అన్నాడు.

నాకు శాంక్షన్ కాని స్టూలు వాడికి అయింది! అది ఎప్పటికీ మర్చిపోను. కానీ ఆ క్షణాన కోపం రాలేదు, భయమే వేసింది. నా అంతట నేను మానేశానా? పొమ్మంటేనే కదా పోయింది. పొమ్మన్నది బండ్లవాళ్ళందరూ విన్నారు. అదంతా ఎవరికి చెప్పాలి? మా ఆవిడ బస్సు వేళ చూసి, ఉతికిన చొక్కా తీసి మంచం మీద పెట్టింది. "పెద్దాయన దగ్గరికి వెళ్ళిరండి. ఆయన పిలవకపోయినా ఫరవాలేదు. నేను పంపానని చెప్పండి" అంది.

తాడేపల్లి ఆఫీసు మేడ మీద ఉంది. కిటికీలోంచి కృష్ణ కనపడుతుంది. పెద్దాయన పెద్ద బల్ల వెనక, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "ఏరా, వచ్చావా!" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా దడ సగం తగ్గింది. జరిగిందంతా చెప్పాను.

"నువ్వలిగినట్టు నాకెవురూ చెప్పలేదు గదరా! తెలిస్తే మనిషిని పంపనా?" అన్నాడు. "ఉండు, నీ ఎదటే మాట్లాడతా" అని మిల్లుకి ఫోను కలపమన్నాడు.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇక అయిపోయినట్టే అనుకున్నాను.

"నేనండీ, తాడేపల్లి నుంచి" అన్నాడు పెద్దాయన ఫోనులో. తన మిల్లులో ఎవరినీ ఆయన అండీ అనడం నేను వినలేదు. అవతలివాడు ఏదో చెబుతూ పోయాడు. పెద్దాయన వింటున్నాడు. "అది కాదండీ, మనోడు పాతకాలం మనిషి" అన్నాడు. మళ్ళీ విన్నాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "ఆహా... నిజమేననుకోండి... అట్టాగేనండీ" అని పెట్టేశాడు.

కాసేపు కృష్ణ వైపు చూశాడు. "ఆ పర్సనల్ పిల్లోడు చెప్పేదీ సబబుగానే ఉందిరా. నీ ఒక్కడికి చేస్తే నాలుగు చోట్లా చెయ్యాలంట. మిగతా ఇద్దరు భాగస్తులు ఒప్పుకోరంట. ఆయన ఏం రాయమంటే అది రాసిచ్చి పనిలో చేరు" అన్నాడు.

"నేను మానలేదు బాబుగారూ. పొమ్మన్నారు."

"తెలుసురా."

"మరి?"

ఆయన నావైపు చూడకుండానే, "తిన్నావా?" అన్నాడు.

ఎన్నిసార్లు విన్నానో ఆ మాట! ఎప్పుడు విన్నా గండం గడిచిందనే అర్థం. ఈసారి దాని వెనక ఏమీ లేదు. ఆయనకి కూడా భయంగా ఉందని అప్పుడు తెలిసింది. దాంతో నాకు మిగిలిన ధైర్యం కూడా పోయింది. బస్సు దిగి నేరుగా మిల్లుకి పోయాను.

పర్సనల్ ఆఫీసరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "కూర్చోండి గుమాస్తాగారూ" అని కుర్చీ చూపించాడు. నా కుర్చీయే. పేము కొద్దిగా కుంగిన చోట నాకు తెలుసు. కూర్చుంటే ఒళ్ళు దానంతటదే సర్దుకుంది.

"మీ మీద ఎవరికీ కోపం లేదండీ" అన్నాడు. "నాకు అర్థం కానిదొకటే. మీరు ఇంట్లో ఎందుకు కూర్చున్నారు?"

"పిలుస్తారని."

"ఎవరు?"

అతను వెటకారంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "సెక్షన్ ఆఫీసరుగారు పిలవాలా? నేను పిలవాలా? ఎవరి డ్యూటీలోనూ అది లేదండీ. ఇంతమందిలో ఎవరు అలిగారో, ఎవరు మానేశారో నాకెట్లా తెలుస్తుంది? రెండూ ఒకేలా ఉంటాయి కదా, మనిషి రాడు" అన్నాడు. అది న్యాయంగా కూడా ఉంది. న్యాయంగా ఉన్నందుకే అతన్ని ఇప్పటికీ క్షమించలేదు. మిల్లు పెంచేటప్పుడు గోడ కట్టాలని గుర్తొచ్చింది, సైరన్ పెట్టాలని గుర్తొచ్చింది, బతిమాలే మనిషిని పెట్టాలని ఏ ఒక్కరికీ గుర్తు రాలేదు.

నా అంతట నేనే మానేశానని, మళ్ళీ దయతో చేర్చుకోమని అతను చెబుతుంటే రాశాను. రాయకపోతే ఏమయ్యేదో తెలియదు. పెద్దాయన రోజుల్లో ఎంత దూరం పోతే ఏమవుతుందో తెలిసేది, ఇక్కడ చీకట్లో కాలు పెట్టినట్టే. పాత సర్వీసు పోయింది. కొత్తగా చేరినవాడి కింద లెక్క. కొత్త నంబరు బిళ్ళ ఇచ్చారు. కాటా పని మాత్రం నాకే ఇచ్చారు, కొత్తవాడు చీటీల్లో తికమక పడుతున్నాడని. స్టూలు మీద కూర్చుంటే ముల్లు కంటికి పైన ఉండేది. తల ఎత్తి చూసేవాణ్ణి.

ఆ తర్వాత మా మిల్లులో ఎవరూ అలగలేదు. ఆఫీసర్లు క్రమశిక్షణ వచ్చిందన్నారు. ఒకరోజు ప్రెస్సు దగ్గర మేస్త్రిని నలుగురిలో నానామాటలూ అన్నారు. ఆ మనిషి కిక్కురుమనకుండా, కళ్ళనీళ్ళు కారుతుంటే భుజంతో తుడుచుకుంటూ బేలు బిగించాడు. నేను చూశానని తెలిసి, "దుమ్మురా" అన్నాడు.

మరుసటి ఏడు, తూకం దగ్గర ఒక రైతు గొడవ పెట్టుకున్నాడు. చెమ్మ ఉందని నేనన్నాను, లేదని అతనన్నాడు. సెక్షన్ ఆఫీసరు వచ్చి, వినీవినకుండానే నామీద విరుచుకుపడ్డాడు. "మీతో రోజూ ఇదే గోల! పొండి, బయటికి పొండి!" అన్నాడు.

బండ్లన్నీ నిశ్శబ్దమయ్యాయి. ఎద్దుల మెడగంటలు మాత్రం మోగుతున్నాయి. నేను స్టూలు మీంచి లేచాను. గేటు అక్కడికి కనపడుతూనే ఉంది. కానీ దానివైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. స్టూలు పక్కనే, కాటా గొలుసు పట్టుకుని నిలబడ్డాను.

"వినపడలేదా?"

"వినపడింది సార్."

"మరి?"

"సైరన్ కాలేదు సార్" అన్నాను.

ఆయన కాసేపు చూసి వెళ్ళిపోయాడు. సైరన్ మోగేదాకా నేను ఆ గొలుసు వదల్లేదు.